నాలుగు గంటల చప్పుడు

ఇంకా ఇద్దరు పిల్లల వంతు అయ్యాక మా సంగమ్మను పిలుస్తారట. గుమాస్తా వచ్చి చెప్పి పోతూ పోతూ నా చెప్పుల వంక చూశాడు, నేను కాళ్ళు బెంచీ కిందికి లాక్కున్నాను. గోడ అవతల పటాన్‌చెరు రోడ్డు మీద లారీల మోత ఆగడం లేదు, గోడ ఇవతల మాత్రం కంపెనీ గెస్ట్‌హౌస్ గడ్డి ఎంత పచ్చగా ఉందో, నీళ్ళు చిమ్మే గొట్టం దానంతట అదే తిరుగుతోంది, మా కాజీపల్లిలో బోరు కొడితే ఎర్రటి నీళ్ళొస్తాయి, బర్రెలు కూడా మూతి పెట్టవు, ఇక్కడ గడ్డికి మంజీర నీళ్ళు. సరేలే, ఆ గడ్డి చేసుకున్న పుణ్యం. నైటు డ్యూటీ దిగి నేరుగా వచ్చాను, కళ్ళలో ఇసుక పోసినట్టుంది, నిద్ర రాదు, వస్తే బాగుండు, ఈ గంట నిద్రలో గడిచిపోతే ఎంత బాగుండు. పక్కన సంగమ్మ ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుంది. మూడు రోజులుగా మాట్లాడడం లేదు, గొంతు దాచుకుంటోంది, ఆకలైతే చెయ్యి చూపిస్తుంది, నీళ్ళు కావాలంటే చెంబు చూపిస్తుంది. పదిహేనేళ్ళ పిల్ల మూగదానిలా ఇల్లంతా తిరుగుతుంటే వాళ్ళమ్మ మొగులమ్మ పొయ్యి ముందు కూర్చుని కొంగు కళ్ళకద్దుకుంటుంది, పొగ అంటుంది. పొగే, మా ఇంట్లో ఏ ఏడుపు వచ్చినా దానికి పొగ పేరే పెడతాం.

లోపల పటేల్‌గూడ ఇంజనీరు గారమ్మాయి పాడుతోంది. శ్రుతిపెట్టె తనదే తెచ్చుకుంది, నల్లటి డబ్బా, మీట నొక్కితే చాలు తంబూర మోగుతుంది. బాగానే పాడుతోంది, తప్పులు లేవు, కానీ నాలుగేళ్ళ కింద మా పిల్ల ముందు ఇది ఎంత? ఛీ, ఎవరి పిల్లనో ఎందుకనాలి, ఆమె మటుకు ఏం చేసింది. ఆమె ఎక్కిన చోటికి మా పిల్ల ఎక్కలేదు ఇవాళ, అది నాకు తెలుసు, సంగమ్మకూ తెలుసు, లోపల కూర్చున్న పెద్దలకే ఇంకా తెలియదు. పోయినేడు జలుబు అని చెప్పి గట్టెక్కాం, ఆ ముందేడు జ్వరం. ఇవాళ ఏం చెప్పాలో నాకు తెలుసు, ఒక్క మాట, పొద్దున్నుంచీ నోట్లో పెట్టుకుని తిప్పుతున్నాను, మేడం, మా పిల్ల గొంతు చెడగొట్టింది నేనే, అంతే, దాని వెనకాల మిగతావన్నీ వస్తాయి. ఈ ఒక్కటి మొదలుపెడితే చాలు. చెప్తే ఏమవుతుంది, పని పోతుంది, మా కంపెనీలోనే చేసిన యాదన్నకు పోలేదా, పొల్యూషన్ ఆఫీసు వాళ్ళు వచ్చిన రోజు గేటు దగ్గర వేలెత్తి విషపు నీళ్ళు దాచే మూల ట్యాంకు చూపించాడు, మర్నాడు గేటు అతనికి తెరుచుకోలేదు, ఇప్పుడు బొల్లారం చౌరస్తాలో షేరింగ్ ఆటో తోలుతున్నాడు, నన్ను చూస్తే కిరాయి తీసుకోడు, అదే ఇంకా సిగ్గు. యాదన్నకు పిల్లల్లేరు గనుక ధైర్యం అనుకునేవాణ్ణి. పిల్ల ఉన్నవాడికి కదా అసలు ధైర్యం ఉండాల్సింది.

ఎంత సంతోషంగా మొదలైంది ఇదంతా. దసరాకు కంపెనీలో ఆయుధపూజ, ఆ ఒక్క రోజూ పెళ్ళాం పిల్లల్ని లోపలికి రానిస్తారు, బాయిలరుకు కూడా పసుపు కుంకుమ పెడతారు, గుమ్మడికాయ కొడతారు. మా భజన మండలి వాళ్ళం తాళాలు పట్టుకుని కూర్చున్నాం, నేనెత్తుకోవాల్సిన తత్వం పదకొండేళ్ళ సంగమ్మ ఎత్తుకుంది, నా ఒళ్ళో కూర్చుని కూర్చుని నేర్చింది, ఎప్పుడు నేర్చిందో నాకే తెలియదు. పై చరణానికి వచ్చేసరికి షెడ్డంతా నిశ్శబ్దం, రేకుల కింద ఆ గొంతు అలా నిలబడిపోయింది, వణకలేదు, సాగలేదు. యజమాని గారి భార్య కుర్చీలోంచి లేచి వచ్చి పిల్ల గడ్డం పట్టుకుంది. "ఎవరి పిల్ల ఇది?" అంది. నేను లేచి నిలబడి చేతులు కట్టుకున్నాను, మూడో ప్లాంటు కిష్టప్ప బిడ్డేనమ్మా అని పక్కవాళ్ళు చెప్పారు. మేడం కళ్ళలో నీళ్ళు, అబద్ధం చెప్పకూడదు, నిజమైన నీళ్ళు, ఆమె మంచిది, ఇప్పటికీ మంచిదే, అదే కదా నా ఖర్మ, చెడ్డదైతే చెప్పడం ఎంత సులువు. సంగీతం నేర్చే పిల్లల కోసం ఆమె ఒక ట్రస్టు నడుపుతుంది, మాలాంటి పేదవాళ్ళకైతే ఖర్చంతా పెట్టుకుంటుంది. గురువు గారి ఫీజు, బస్సు పాసు, పుస్తకాలు, రెండు జతల బట్టలు, గొంతుకు బలమని రోజూ పాలు, అన్నీ ట్రస్టే. ఏడాదికొకసారి పెద్దలు వచ్చి వింటారు, బాగుంటే మరో ఏడు. పద్దెనిమిదేళ్ళదాకా ఇలా నెగ్గుకొస్తే హైదరాబాదులో కాలేజీ, హాస్టలు, సంగీతంలో డిప్లొమా, తర్వాత టీచరు ఉద్యోగం. మా వంశంలో నెల జీతం తెచ్చిన ఆడపిల్ల లేదు, వరి నాట్లు, పత్తి చేలు, అంతే. ఆ రోజు మొగులమ్మ ఇంటికొచ్చి పిల్లకు దిష్టి తీసి ఎర్రనీళ్ళు మూడు బాటల దగ్గర పోసొచ్చింది. దిష్టి బయటినుంచి వస్తుందనుకుంది పాపం.

కౌసల్యమ్మ టీచర్ దగ్గర చేర్చారు, బడిలో సంగీతం చెప్పి రిటైరైన పెద్దావిడ, పటేల్‌గూడలో ఇల్లు. ఆమె సంగమ్మను సంగమేశ్వరి అని రాసుకుంది రిజిస్టరులో, సంగమ్మ అంటే కచేరీ కార్డు మీద బాగుండదని. మొదటి రోజే నన్ను వాకిట్లో నిలబెట్టి చెప్పింది. "కిష్టప్పా, నేను చెప్పేది వారానికి మూడు రోజులే. అసలు చదువు తెల్లవారుజామున నాలుగింటికి. ఆరుబయట కూర్చోవాలి, నోరు పూర్తిగా తెరవాలి, కడుపు నిండా గాలి పీల్చి ఒక్కొక్క స్వరం మీద నిలబడాలి. గంటసేపు. మంచైనా చలైనా మానకూడదు. మంచులో పాడిన గొంతు ఉక్కవుతుంది." ఎంత గొప్పగా అనిపించిందో. కడుపు నిండా గాలి. పైసా ఖర్చు లేనిది, ట్రస్టు ఇవ్వక్కర్లేనిది, మేమే మా పిల్లకు ఇచ్చుకోగలిగినది అదొక్కటే అనుకున్నాను. గాలి.

నాలుగు ఎప్పుడవుతుందో తెలియాలి గదా, ఇంట్లో గడియారం లేదు, ఉన్న చేతి గడియారం నాతోపాటే డ్యూటీకి వస్తుంది. మొగులమ్మే అడిగింది. "గంటెట్ల ఎరుకైతది నాకు? జెర ముందుగాల లేపితె పిల్ల నిద్ర ఖరాబు, ఆల్చమైతె టీచరమ్మ తిడ్తది." నేను నవ్వాను, నవ్వి మీసం మీద చెయ్యేసుకున్నాను కూడా, ఆ చెయ్యి విరిగిపోతే బాగుండేది. "గడియారమెందుకే. నాలుగ్గొట్టంగ మా ప్లాంట్ల బుస్సుమని చప్పుడొస్తది సూడు, బస్తీ అంత ఇనొస్తది. గది నేనే. ఆ చప్పుడు ఇనంగనె లేపు." చప్పుడు ఏమిటంటే, మాత్రల మందు ఉడికేటప్పుడు లేచే గ్యాసును సోడా నీళ్ళతో కడిగి వదలాలి, దానికి పొడుగాటి స్క్రబ్బరు ఉంది, కానీ కడగాలంటే కరెంటు కావాలి, సోడా కావాలి, టైము కావాలి, తెల్లవారుజామున నాలుగింటికి అడగడానికి ఏ అధికారి వస్తాడు? అందుకని పక్క వాల్వు తిప్పితే కడగని గ్యాసు సరాసరి గొట్టంలోంచి బయటికి పోతుంది. మా షిఫ్టు ఇంచార్జి లింగం సార్ వేలు ఎత్తేవాడు, నేను తిప్పేవాణ్ణి. నాకు నైటు లేని వారాల్లో ఐలన్న తిప్పేవాడు, చేతులు మారినా గంట మారేది కాదు. ఇంటిముందు ఇరుకని, పక్కవాళ్ళ నిద్ర చెడుతుందని, మొగులమ్మ పిల్లను బస్తీ వెనకాల ఎత్తు బండ మీదికి తీసుకుపోయి గొంగడి పరిచేది, అక్కడైతే నాలుగు దిక్కులా గాలి. కంపెనీ గోడ ఆ బండకు రాళ్ళు విసిరితే తగిలేంత దూరం.

అబ్బ, ఆ మొదటి చలికాలం. ప్లాట్‌ఫారం మీద నిలబడి వాల్వు తిప్పేవాణ్ణి, చప్పుడు మొదలవగానే మనసులో అనుకునేవాణ్ణి, ఇప్పుడు లేచింది, ఇప్పుడు మొహం కడుక్కుంది, ఇప్పుడు బండెక్కింది. బుస్సు కాస్త తగ్గాక చెవి పెడితే మోటార్ల సందులోంచి సా అని వినిపించినట్టే ఉండేది, వినిపించేదో లేదో, నాకు మాత్రం వినిపించేది. ముక్కుకు గుడ్డ కట్టుకుని నవ్వుకునేవాణ్ణి. నేను ముక్కుకు గుడ్డ కట్టుకున్నాను. నాలుగు శీతాకాలాలు గుడ్డ కట్టుకుని ఆ వాల్వు తిప్పాను, ఈ గుడ్డ ఎందుకు కట్టుకుంటున్నానని ఒక్కనాడూ అనుకోలేదు, నేను బండవాణ్ణా, గాడిదనా, ఏమిటి నేను. నాకు నైటు లేని వారాల్లో నేనే పిల్ల చెయ్యి పట్టుకుని బండెక్కించేవాణ్ణి. తెల్లగా పొగమంచు కిందికి దిగేది, మంచే అనుకున్నాం, పిల్ల కళ్ళు మండుతున్నాయంటే నిద్ర చాలక అనుకున్నాం, దగ్గితే చల్లగాలి అలవాటు కావాలి అనుకున్నాం. "నోరు బాగ తెరువు బిడ్డా, టీచరమ్మ చెప్పిందిగద," అని నేనే అన్నాను. ఇంకా తెరువు, ఇంకా. కంచే చేను మేసిందంటారు, మేసిన కంచెకు నోరు ఉంటే ఏమంటుందో ఎవరూ చెప్పలేదు.

లోపల పాట ఆగింది. చప్పట్లు. ఇంజనీరు గారమ్మాయి నల్ల డబ్బా చేత్తో పట్టుకుని బయటికొచ్చి సంగమ్మను చూసి నవ్వింది, సంగమ్మ కూడా నవ్వింది, ఆ పిల్ల నవ్వు చూసి ఎన్నాళ్ళయింది. ఇంకొక అబ్బాయి మృదంగంతో లోపలికెళ్ళాడు. ఇక మేమే. వేడినీళ్ళు మూతలో పోసి ఇచ్చాను, ఊదుకుంటూ తాగింది, మింగేటప్పుడు మెడ నరం కదిలింది. రెండో ఏడు మొదలైంది అది, పై షడ్జం దగ్గర గొంతు చీలడం. కౌసల్యమ్మ టీచర్ మొదట తిట్టింది, పులుపు తింటున్నావా అంది, ఐస్‌ఫ్రూట్లు తింటున్నావా అంది, మొగులమ్మ చింతపండు ఇంట్లోకి తేవడమే మానేసింది, వస అరగదీసి నాకించింది, మిరియాల కషాయం పోసింది. తర్వాత తిట్టడం మానేసి శ్రుతి దింపింది, ఐదు శ్రుతిలో పాడే పిల్లను నాలుగుకు, నాలుగు నుంచి మూడున్నరకు. శ్రుతి దింపిన రోజు ఇంటికొచ్చి సంగమ్మ అన్నం తినలేదు. ఎందుకే అంటే ఏం లేదంది. మెట్లు దిగినట్టే, నాయినా, అంది.

సంగారెడ్డి పెద్దాసుపత్రిలో డాక్టరు గొంతులో అద్దం పెట్టి చూశాడు. పిల్లను బయట కూర్చోమన్నాడు, పిల్ల వెళ్ళి గుమ్మానికి వేలాడుతున్న పచ్చ తెర అవతల బెంచీ మీద కూర్చుంది. "ఎక్కడుంటరు?" "కాజీపల్లి, సార్." డాక్టరు కలం కింద పెట్టాడు. "పొద్దున్నే బయట తిరుగుతదా?" "పాడ్తది సార్. నాలుగింటికి. గంట సేపు, నోరు తెరిచి." ఆయన తిట్టలేదు, తిడితే బాగుండేది. "కంపెనీ గ్యాసుకు లోపల కమిలిపోయి పుండై మానింది, మళ్ళీ కమిలింది. గిది మందులకు తగ్గేది కాదు. ఇంక పెరగకుండ చూస్కో. ఇల్లు మార్చు." ఇల్లు మార్చు. అంగీ మార్చు అన్నట్టే. ఆ మాట విన్నప్పుడు నా తలలో వాల్వు ఒక్కటే తిరిగింది, ఎన్ని రాత్రులు, ఎన్ని చుట్లు, ఎడమకు మూడు చుట్లు. బయటికొచ్చి సంగమ్మతో చలి పడలేదంట బిడ్డా, ఇంట్లనే కూసోని పాడుకోమన్నడు అన్నాను. సరే నాయినా అంది. మొగులమ్మతోనూ అదే చెప్పాను. అప్పటినుంచీ ఇంట్లో తలుపేసుకుని పాడుతుంది, రేకుల ఇంటికి తలుపేస్తే ఎంత, వేయకపోతే ఎంత. ఆరు నెలలయింది. నిన్న కూడా నేను తిప్పాను. ఇవాళ పొద్దున కూడా. లింగం సార్ వేలెత్తాడు, వద్దు సార్ అని నోటిదాకా వచ్చింది, బిడ్డకు ఇవాళ పరీక్షుంది సార్ అందామనుకున్నాను, ఎడమకు మూడు చుట్లు తిప్పాను.

చెప్తాను. ఈసారి చెప్తాను. మేడం మంచిది, విని ఏడుస్తుంది, ఏడ్చి యజమాని గారితో చెప్తుంది, ఆయన రాత్రిపూట కూడా కడిగే వదలమంటాడు, అలా జరగకూడదని రాసిపెట్టి ఉందా? లేదా మేడం అసలు నమ్మదు. లేదా నమ్మి, కారు దిగేలోపు మరిచిపోతుంది. ఏదైనా గొంతు తిరిగిరాదు. మరి ఎందుకు చెప్పడం? ఎందుకంటే లోపల వాళ్ళు ఈ పిల్ల బద్ధకస్తురాలు అనుకుంటారు గనుక, అది మాత్రం నేను భరించలేను, అది అబద్ధం గనుక. నాలుగేళ్ళు ఒక్కరోజు మానని పిల్ల.

"సంగమేశ్వరి!" అని గుమాస్తా పిలిచాడు.

లోపల చల్లగా ఉంది, మిషను గాలి. మేడం నవ్వింది, అటు ఇటు ఇద్దరు పెద్ద విద్వాంసులు, ఒకాయన తెల్ల జుట్టు, ఇంకొకాయన కళ్ళు మూసుకుని. గోడ పక్కన కుర్చీలో మా పర్సనల్ మేనేజరు, పనిలో పెట్టేదీ తీసేదీ ఈయనే, ఈయన ఎందుకు ఇక్కడ, ఏర్పాట్లన్నీ ఈయనవే కాబోలు, నన్ను చూసి తల ఊపాడు. సంగమ్మ చాప మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. మోహన రాగం. మూడు రోజుల మౌనం దాచిపెట్టిన గొంతు మొదట కిందిస్వరాల్లో ఎంత నిండుగా వచ్చిందో, తెల్ల జుట్టాయన ముందుకు వంగాడు, నాకు ఒక్క క్షణం పిచ్చి ఆశ, డాక్టరుకు ఏం తెలుసు, దేవుడున్నాడు. పైకెక్కింది. ఎక్కుతోంది, ఇంకా, పంచమం దాటింది, ధైవతం, ఆపైన నోరు పూర్తిగా తెరిచింది, టీచరమ్మ చెప్పినట్టు, నేను చెప్పినట్టు, గాలి వచ్చింది, స్వరం రాలేదు. మళ్ళీ ఎక్కింది. గాలే. మూడోసారి ఎక్కబోయి ఆగి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

తెల్ల జుట్టాయన చాలా మెత్తగా అడిగాడు. "కింద ఇంత బంగారంలా ఉంది, పైన ఏమైందమ్మా? సాధన జరుగుతోందా?"

ఇప్పుడు. నేను ఒక అడుగు ముందుకేశాను, నోరు తెరిచాను, మేడం, అన్నాను, నిజంగా అన్నాను, మా పిల్ల, అని కూడా అన్నాను, మేనేజరు కాలు మీద కాలు తీసి నా వైపు తిరిగాడు, వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను. సంగమ్మ నా వైపు చూడలేదు. మూడు రోజుల తర్వాత దాని మాట నేను విన్నది అప్పుడే.

"సాధకం చేస్తలేను సార్," అంది. "బద్దకమైంది. మా నాయిన చెప్తనే ఉంటడు, నేనే లేస్తలేను."

మేడం ముఖం వాడిపోయింది. "నీ మీద ఎంత ఆశ పెట్టుకున్నానో తెలుసా సంగమేశ్వరీ? నీకిచ్చే చోటు కోసం ఎంతమంది పిల్లలు ఎదురుచూస్తున్నారో తెలుసా?" తెలుసమ్మా అంది నా బిడ్డ తల వంచి. దానికి తెలుసు. తెర. ఆసుపత్రి గుమ్మానికి ఉన్నది తలుపు కాదు, తెర, పలుచటి పచ్చ తెర, దాని అవతలే కూర్చుంది, అన్నీ విన్నది, ఆరు నెలలుగా విని ఊరుకుంది. నేను దాచాననుకున్నాను. అది నన్ను దాస్తోంది. ఇప్పుడైనా చెప్పరా, ఇప్పుడైనా, పిల్ల నీకోసం బద్ధకస్తురాలవుతోంది, మనిషివైతే చెప్పు. మేనేజరు ఇంకా నన్నే చూస్తున్నాడు. నేను నేల వంక చూశాను.

పెద్దలు గుసగుసలాడుకున్నారు. మేడం కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. "ఇంకో ఆరు నెలలు చూస్తాం. ఒక్క షరతు. మునుపటిలా నాలుగింటికి లేవాలి, ఆరుబయట కూర్చోవాలి, ఆ క్రమశిక్షణ తిరిగి రావాలి. కౌసల్యమ్మ గారికి కూడా రాస్తాను. నువ్వు లేవడానికి ఒక అలారం గడియారం పంపిస్తానమ్మా, సరేనా?"

"గడియారం వద్దమ్మా," అంది సంగమ్మ. గొంతు బొంగురుగా, స్థిరంగా ఉంది. "నాలుగైతె మాకు ఎరుకైతది. మా నాయిన లేపుతడు."

మేడం మొదటిసారి నా వైపు తిరిగి నవ్వింది. ఇలాంటి తండ్రి దొరకడం నీ అదృష్టం అంది. ఈ వారమంతా నైటు నాదే. నేను రెండు చేతులూ జోడించాను.